‘ఉప’ అంటే ఏంది బిడ్డా?

(మన హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఏ. రాజనీతిశాస్త్రం)

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు నాకు మొదట గుర్తుకొచ్చింది మన రెండో నంబరు గది తలుపు. ఆ తలుపు వెనక సుద్దముక్కతో రాష్ట్రపతుల పేర్లు వరసగా రాసి ఉండేవి. రాత్రి స్టడీ అవర్ అయ్యాక పదో తరగతి అన్నలు మమ్మల్ని నిలబెట్టి అడిగేవాళ్ళు. రాజేంద్రప్రసాద్ దగ్గర మొదలుపెట్టి గడగడా అప్పజెప్పేవాళ్ళం. ఒకరోజు ఒక అన్న ‘రాష్ట్రపతులు సరే, ఉపరాష్ట్రపతులు చెప్పుండ్రి’ అన్నాడు. రాధాకృష్ణన్ పేరు చెప్పి అక్కడే ఆగిపోయాం. తలుపు మీద ఆ పట్టిక లేదు మరి! పరీక్షలో రాని ప్రశ్న ఎవడు చదువుతడని నవ్వుకుని పడుకున్నాం.

ఆ ‘ఉప’ అనే మాట మళ్ళీ డిగ్రీలో నాకే తగిలింది. మా కాలేజీ సాహిత్య సంఘానికి నన్ను ఉపాధ్యక్షుణ్ణి చేశారు. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది నేనొక్కణ్ణే. ఆ సంతోషం పట్టలేక, అమ్మ కూలి నుంచి వచ్చి పొయ్యి ముందర కూచునే వేళ చూసి ఫోన్ చేశాను. అమ్మ అంతా విని, ‘ఉప్పంటే ఎరుకే గాని, ఉప అంటే ఏంది బిడ్డా?’ అన్నది. ‘అధ్యక్షుడు లేనప్పుడు ఆయన పని చేసేటోడు’ అని చెప్పాను. ‘మరి ఆయన ఉన్నప్పుడు?’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ ఏడాదంతా అధ్యక్షుడు ఒక్క సమావేశానికీ గైర్హాజరు కాలేదు. నేను పూలదండలు తెచ్చాను, కుర్చీలు మోశాను, మైకు వాణ్ణి పిలుచుకొచ్చాను. వేదిక మీద వేసిన నాలుగు కుర్చీల్లో నాది లేదు. ఏడాది చివర సంఘం పాత రిజిస్టరు తిరగేశాను. అధ్యక్షుల పేర్ల పక్కన రకరకాల చిరునామాలున్నాయి. ఉపాధ్యక్షుల పేర్లు మారాయి గానీ చిరునామా మారలేదు. హాస్టల్, హాస్టల్, హాస్టల్. మనవాళ్ళకు కూడా ఒక పదవి ఇచ్చామని చెప్పుకోవడానికి ఆ ‘ఉప’ పనికొచ్చింది. మన తమ్ముళ్ళు చెల్లెళ్ళు చాలామంది రేపు ఇలాంటి పదవుల్లోనే మొదట కూర్చుంటారు. అందుకే ఈ విషయం రాస్తున్నాను.

పి.జి.లో రాజ్యాంగం చదువుతున్నప్పుడు అమ్మ ప్రశ్నకు జవాబు దొరికింది. 63వ అధికరణ భారతదేశానికి ఒక ఉపరాష్ట్రపతి ఉండాలని చెబుతుంది. వెంటనే 64వ అధికరణ, ఆయన హోదా రీత్యా రాజ్యసభకు అధ్యక్షుడని చెబుతుంది. రాష్ట్రపతి మరణించినా, రాజీనామా చేసినా, పదవి నుంచి తొలగించబడినా ఆయన స్థానంలో ఉపరాష్ట్రపతి పనిచేయాలన్న సంగతి 65లో వస్తుంది. గమనించండి మిత్రులారా! పెద్దాయన ఉన్నప్పుడు ఈయన ఏం చేయాలో ముందు రాశారు, పెద్దాయన లేనప్పటి సంగతి తర్వాత రాశారు. మా కాలేజీ సంఘంలో మొదటిది రాయనే లేదు. రెండోది ఏనాడూ రాలేదు.

ఇంకో ముచ్చట ఉంది. ఇది చదివి నేను పుస్తకం మూసి కాసేపు కూచున్నాను. ఉపరాష్ట్రపతికి ఉపరాష్ట్రపతిగా జీతం లేదు! ఆయనకు వచ్చేది రాజ్యసభ అధ్యక్షుడిగా చేసే పనికి జీతం. 2018లో దాన్ని నెలకు 4 లక్షల రూపాయలు చేశారు. రాష్ట్రపతి స్థానంలో పనిచేసే రోజుల్లో ఆయన రాజ్యసభ అధ్యక్షత చేయరు, ఆ జీతమూ తీసుకోరు, రాష్ట్రపతికి ఇచ్చేదే తీసుకుంటారు. అంటే జీతం పేరుకు కాదు, పనికి. కూలికి పోయే మా అమ్మకు ఇది చెబితే వెంటనే అర్థమైంది.

ఇక ఆ కుర్చీ తీరు చూడండి. ఆయన రాజ్యసభలో సభ్యుడు కాదు, సభకు పెద్ద. ఓటు లేదు, రెండు పక్షాలకూ సమానంగా ఓట్లు పడితే తప్ప. కానీ ఎవరు మాట్లాడాలి, ఎవరు కూర్చోవాలి, ఏ నోటీసు తీసుకోవాలి, ఏది తోసేయాలి అన్నది ఆయన చేతిలో ఉంటుంది. మాట్లాడే అవకాశం దొరకని కులాల నుంచి వచ్చిన మనకు ఇది చిన్న అధికారంగా కనిపించకూడదు.

1948 నవంబర్ 29 సంగతి మన హాస్టల్ గోడ మీద రాసుకోదగింది. ఆ రోజు రాజ్యాంగ సభ అంటరానితనాన్ని రద్దు చేసే అధికరణను ఆమోదించింది. ముసాయిదాలో అది 11వది, నేడు 17వది. రాజ్యాంగ సభ అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్. ఆ రోజు అధ్యక్ష స్థానంలో కూర్చుని ఓటింగ్ జరిపించింది మాత్రం సభ ఉపాధ్యక్షుడు హెచ్.సి.ముఖర్జీ. బెంగాల్‌కు చెందిన క్రైస్తవుడు, ఇంగ్లీషు అధ్యాపకుడు. ఆయన దేశానికి ఉపరాష్ట్రపతి కాదు, అప్పటికింకా ఆ పదవే లేదు. అయినా మన జీవితాలను మార్చిన ఆ ఒక్క వాక్యం ఒక ‘ఉప’ కూర్చున్న వేళ ఆమోదం పొందింది. డిసెంబర్ 6న అంబేద్కర్ విగ్రహానికి దండ వేసేటప్పుడు ఈ పెద్దమనిషి పేరు మనలో ఒక్కరికీ గుర్తురాదు. నాకూ మొన్నటిదాకా తెలియదు.

మొదటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. 1952లోనూ 1957లోనూ పోటీ లేకుండా ఎన్నికయ్యారు. రాజ్యసభ 1952 మే 13న మొదటిసారి కూర్చుంది, ఆ సభకు ఆయనే తొలి అధ్యక్షుడు. పదేళ్ళు నడిపారు. అంతకుముందు ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి కూడా. ఉపకులపతి అన్న మాటను బట్టి ఒక సంగతి ఆలోచించండి. యూనివర్సిటీలో ఆయనంటే అందరికీ హడలే. కులపతి ఎవరో సగంమంది విద్యార్థులకు తెలియదు! అక్కడ ‘ఉప’ ఉన్నా అధికారమంతా ఆయనదే, ఎందుకంటే పనంతా ఆయన పేరు మీద రాసి ఉంది.

ఆయన తర్వాత జాకీర్ హుస్సేన్, ఆయన తర్వాత వి.వి.గిరి. వీరిలో గిరి గారి కథ సినిమా కథలా ఉంటుంది. బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టి రైల్వే కార్మికుల నాయకుడిగా ఎదిగారు. 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ కన్నుమూశారు. పదవిలో ఉండగా రాష్ట్రపతి మరణించడం అదే మొదటిసారి. గిరి ఆయన స్థానంలోకి వచ్చారు. రాష్ట్రపతి ఎన్నికకు కాంగ్రెస్ నీలం సంజీవరెడ్డి పేరు ప్రకటించింది. గిరి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడాలనుకుని జులై 20న రాజీనామా చేశారు. దాంతో దేశానికి రాష్ట్రపతీ లేడు, ఉపరాష్ట్రపతీ లేడు! ఇలాంటప్పుడు ఏం చేయాలో పార్లమెంటు చెప్పవచ్చని 70వ అధికరణలో రాసి పెట్టారు గానీ 19 ఏళ్ళ పాటు ఎవరూ ఆ చట్టం చేయలేదు. ‘ఆయన కూడా లేకపోతే?’ అని మా అమ్మలాంటి వాళ్ళు అడిగి ఉండాల్సింది. చివరికి ఆ మే నెలలోనే హడావిడిగా చట్టం చేశారు. ఉపరాష్ట్రపతి కూడా లేకపోతే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఆ బాధ్యత చూడాలన్నారు. అలా జస్టిస్ హిదాయతుల్లా 35 రోజులు ఆ స్థానంలో ఉన్నారు. ఇద్దరు తెలుగువాళ్ళ మధ్య జరిగిన ఆ ఎన్నికలో రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాక గిరి గెలిచారు. హిదాయతుల్లా గారు 1979లో పోటీ లేకుండా ఉపరాష్ట్రపతి కూడా అయ్యారు.

కర్ణాటకకు చెందిన బి.డి.జత్తి పేరు మన పోటీ పరీక్షల పుస్తకాల్లో ఒక్క గడిలో ఉంటుంది. ఆ గడి వెనక ఎంత చరిత్ర ఉందో చూడండి. 1977 ఫిబ్రవరి 11న రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ మరణించారు. అప్పటికి దేశంలో ఎమర్జెన్సీ ఉంది. ఎన్నికలు ముంచుకొచ్చాయి. ఇందిరాగాంధీ ఓడిపోయారు. మార్చి 21న ఎమర్జెన్సీ ఎత్తివేశారు, 24న మొరార్జీ దేశాయ్ ప్రధానిగా ప్రమాణం చేశారు. కాంగ్రెసేతర ప్రధాని రావడం స్వతంత్ర భారతంలో అదే మొదలు. ఆ ప్రమాణం చేయించింది తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న జత్తి. ఏప్రిల్‌లో కొత్త ప్రభుత్వం 9 రాష్ట్రాల శాసనసభలను రద్దు చేయమంటే ఆయన వెంటనే సంతకం పెట్టలేదు, కొంత జంకి చివరికి పెట్టారు. అది తప్పో ఒప్పో నేను తేల్చలేను. జులై 25 వరకు ఆ భారం ఆయన మీదే ఉంది. సంజీవరెడ్డి రాష్ట్రపతి కాగానే తిరిగి తన రాజ్యసభ కుర్చీకి వచ్చి కూర్చున్నారు. మొన్నటిదాకా దేశానికి పెద్ద, ఇవాళ మళ్ళీ ‘ఉప’. మనలో ఎంతమందిమి అలా తిరిగి వచ్చి కూర్చోగలం?

ఇప్పుడు మన మనిషి దగ్గరకు వస్తాను. కె.ఆర్.నారాయణన్. కేరళలోని ఉళవూరులో ఒక దళిత కుటుంబంలో పుట్టారు. బడికి రోజూ మైళ్ళ దూరం నడిచేవారు. ఫీజు కట్టలేదని గది బయట నిలబెడితే అక్కడి నుంచే పాఠం వినేవారు. పుస్తకాలు కొనే స్తోమత లేక, ఉబ్బసంతో ఇంటిపట్టున ఉన్న అన్న ఇతరుల పుస్తకాలు అడిగి తెచ్చి చేత్తో రాసి ఇచ్చేవాడు. హాస్టల్లో పుస్తకాలు పంచిన రోజు కొత్త అట్టలు వాసన చూసుకునే మనకు ఆ అన్న చేతిరాత ఎంత విలువైందో తెలుసు. ఆ చదువుతోనే ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. మొదటి స్థానంలో పాసై, టాటా వారి స్కాలర్‌షిప్‌తో లండన్ వెళ్ళి, విదేశాంగ శాఖలో చేరి, చైనాకూ అమెరికాకూ రాయబారి అయ్యారు. 1992లో ఉపరాష్ట్రపతి ఎన్నికలో చెల్లిన ఓట్లు 701 అయితే ఆయనకు పడ్డవి 700.

మన అన్నలు కొందరు దీన్ని కొట్టిపారేస్తారు. ‘అందరూ కలిసి 700 ఓట్లు వేశారంటేనే అర్థం చేసుకోరాదా, అది ఉత్త అలంకారం’ అంటారు. నా డిగ్రీ అనుభవాన్ని బట్టి నేనూ అలాగే అనాలి. కానీ నేను ఒప్పుకోను. ఇచ్చినవాళ్ళు ఏమనుకుని ఇచ్చారో నాకు తెలియదు. తీసుకున్నాయన ఏం చేశారో తెలుసు. 1992 డిసెంబర్‌లో బాబ్రీ మసీదును కూల్చినప్పుడు, గాంధీ హత్య తర్వాత దేశానికి కలిగిన అతిపెద్ద విషాదం ఇదేనని పదవిలో ఉండే చెప్పారు. అయిదేళ్ళు రాజ్యసభను నడిపి 1997లో రాష్ట్రపతి అయ్యారు. అదే ఏడాది అక్టోబర్‌లో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టమని కేంద్ర మంత్రివర్గం పంపిన సిఫారసును పునరాలోచించమని తిప్పి పంపారు. మంత్రివర్గం వెనక్కి తగ్గింది. అయిదేళ్ళు సభలో అన్ని పక్షాలనూ ఎదురుగా కూర్చోబెట్టుకున్న మనిషికి ఆ నిబ్బరం అక్కడే కొంత అబ్బిందని నేను నమ్ముతాను.

ఆయన తర్వాత మాత్రం ఆ మెట్టు ఎక్కి పైకి వెళ్ళినవారు లేరు. 2025 దాకా లెక్కేస్తే 15 మంది ఉపరాష్ట్రపతుల్లో ఆరుగురు రాష్ట్రపతులయ్యారు, ఆ ఆరో మనిషి నారాయణనే. మన రాష్ట్రానికి ఏడేళ్ళకు పైగా గవర్నర్‌గా ఉన్న కృష్ణకాంత్ 1997లో ఉపరాష్ట్రపతి అయ్యారు. పదవీకాలం మరి కొన్ని వారాలుందనగా 2002 జులై 27న కన్నుమూశారు. భైరాన్‌సింగ్ షెకావత్ 2007లో రాష్ట్రపతి పదవికి పోటీ చేసి ఓడి రాజీనామా ఇచ్చారు. హమీద్ అన్సారీ రాధాకృష్ణన్ లాగానే పదేళ్ళు చేశారు.

2002 ఎన్నికను గురించి రెండు మాటలు చెప్పాలి. షెకావత్ మీద నిలబడింది సుశీల్‌కుమార్ షిండే. సోలాపూర్ కోర్టులో బంట్రోతుగా పనిచేసిన దళితుడు. 454 ఓట్లకు 305 వచ్చాయి. సభలో బలాబలాలు అందరికీ ముందే తెలుసు. గెలిచే చోట మన పేరు గుర్తుకురాదు, ఓడే చోట మాత్రం గౌరవంగా నిలబెడతారు. ఆడవాళ్ళ సంగతీ అంతే. ఈ 15 మందిలో ఒక్క మహిళ లేదు. వయొలెట్ ఆల్వా 1962 నుంచి 1969 దాకా రాజ్యసభ డిప్యూటీ చైర్మన్‌గా సభను నడిపారు, కానీ పై కుర్చీ దక్కలేదు. 2007లో నజ్మా హెప్తుల్లా ఓడారు. 2022లో వయొలెట్ ఆల్వా కోడలు మార్గరెట్ ఆల్వా 528 ఓట్లకు ఎదురుగా 182 తెచ్చుకుని ఓడారు. మన గర్ల్స్ హాస్టల్ చెల్లెళ్ళు ఈ లెక్క రాసిపెట్టుకోండి.

కుర్చీలో కూర్చున్నవారు తలుచుకుంటే ఏం చేయవచ్చో నెల్లూరు జిల్లా చవటపాలెంలో పుట్టిన వెంకయ్యనాయుడు చూపించారు. రాజకీయంగా నాకు ఆయనతో ఏకీభావం తక్కువ. కానీ 2018లో రాజ్యసభ సభ్యులు రాజ్యాంగం గుర్తించిన 22 భాషల్లో దేనిలోనైనా మాట్లాడే ఏర్పాటు ఆయన హయాంలో పూర్తయింది. ఇంగ్లీషు రాక క్లాసులో నోరు విప్పలేని రోజులు గడిపిన నాకు ఆ ఒక్క పని పది ఉపన్యాసాల పెట్టు.

అదే కుర్చీలో కూర్చున్నవారు ఒక పక్షం వైపు మొగ్గుతున్నారని సభకు అనిపిస్తే ఏమవుతుందో కూడా చూశాం. 2024 డిసెంబర్‌లో జగదీప్ ధన్‌ఖడ్‌ను తొలగించాలని ప్రతిపక్షాలు నోటీసు ఇచ్చాయి. ఉపరాష్ట్రపతి మీద అలాంటి నోటీసు రావడం అదే మొదటిసారి. డిప్యూటీ చైర్మన్ దాన్ని తోసిపుచ్చారు. 2025 జులై 21న ధన్‌ఖడ్ ఆరోగ్య కారణాలు చెప్పి రాజీనామా చేశారు. సెప్టెంబర్ 9న జరిగిన ఎన్నికలో సి.పి.రాధాకృష్ణన్‌కు 452, మన తెలంగాణ బిడ్డ, సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి బి.సుదర్శన్‌రెడ్డికి 300 ఓట్లు వచ్చాయి. పోలైన 767 ఓట్లలో 15 చెల్లలేదు. పేరు ఎదురుగా ఒకటి, రెండు అని అంకెలు వేయడమే పార్లమెంటు సభ్యులు చేయాల్సింది! మన మెస్ కమిటీ ఎన్నికలో అయిదో తరగతి పిల్లలు కూడా ఇన్ని తప్పులు చేయలేదు.

ఢిల్లీ సంగతి మనకెందుకంటారా? ఊళ్ళో చూడండి. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక తెలంగాణలో సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్‌కూ చెక్కు మీద సంతకం పెట్టే అధికారం వచ్చింది. అంతకుముందు మా ఊళ్ళో ఉపసర్పంచ్ ఎవరని అడిగితే జనం తల గోక్కునేవాళ్ళు. సర్పంచ్ పదవి మనవాళ్ళకు రిజర్వు అయిన ఏడాది, ఎన్నడూ వార్డుకు నిలబడని పెద్ద ఇండ్లవాళ్ళు వార్డు మెంబర్లుగా పోటీపడి మరీ ఉపసర్పంచ్ పదవి తీసుకున్నారు. ఆ రెండో సంతకం లేనిదే మన సర్పంచ్ వీధిలైటు కూడా వేయించలేకపోయాడు. ‘ఉప’లో ఏముందో మనకంటే వాళ్ళకు ముందు తెలిసింది.

మనకు ‘ఉప’ ఇస్తామన్నప్పుడు వద్దని అలగడం నాకు నచ్చదు. ఇచ్చారు కదా అని మురిసిపోవడమూ నచ్చదు. ‘ఏ పని రాసి ఇస్తున్నారు?’ అని అడగాలన్నదే నా అభిప్రాయం. నా రూమ్మేట్ దీన్ని ఒప్పుకోడు. ‘ముందు లోపలికి పోనీ అన్నా, కూచున్నాక పని మనమే గుంజుకోవచ్చు’ అంటాడు. వాడి మాటలో కొంత నిజముంది. కానీ నేను లోపలికి పోయి ఏడాది ఉన్నాను. ఏ కాగితం మీదా రాసిలేని పనిని ఎక్కడ పట్టుకుని గుంజాలో నాకు తెలియలేదు.

ముందు మన ఇల్లు చక్కబెట్టుకుందాం. మన హాస్టల్ విద్యార్థి కమిటీలోనూ ఏటా ఒక ఉపాధ్యక్షుణ్ణి ఎన్నుకుంటాం. వాడి పనేమిటో ఎక్కడా రాసి లేదు. నెలకోసారి జరిగే మెస్ సమావేశంలో నా రోజుల్లో పదో తరగతి అన్నలే మాట్లాడేవాళ్ళు. చారు నీళ్ళగా ఉందని ఆరో తరగతి పిల్లవాడు చెప్పాలనుకున్నా వాడి వంతు వచ్చేలోపు గంట కొట్టేవాళ్ళు. ఈ మధ్య వచ్చి చూశాను, పద్ధతి అదే. అందుకని ఒక తెల్లకాగితం మీద మూడు వాక్యాలు రాశాను. మెస్ సమావేశానికి ఉపాధ్యక్షుడే అధ్యక్షత వహించాలి, అందరికంటే చిన్న తరగతి వాళ్ళను ముందు మాట్లాడించాలి. ఫిర్యాదుల రిజిస్టరు ఆయన దగ్గరే ఉండాలి. చేతులు సమానంగా లేస్తే తప్ప ఆయన ఓటు వేయకూడదు.

ఆ కాగితం వార్డెన్ సారుకు ఇచ్చాను. సారు కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, ‘నాలుగోది కూడా రాయి’ అన్నారు. ఏమని అడిగాను. ‘వార్షికోత్సవం రోజు ఉపాధ్యక్షుడికి వేదిక మీద కుర్చీ వేయాలె’ అన్నారు. రాశాను. ఆ రోజు వచ్చేవాళ్ళు కుర్చీలు లెక్కపెట్టండి.